నీలిపూస బల్బు

కొబినా అమిసా మంచివాడే, కాకపోతే ఒట్టి మొండిఘటం. సాల్ట్‌పాండ్ రేవు వీధిలో ఎవర్నడిగినా ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో చెబుతారు. డెబ్బై రెండేళ్ళొచ్చినా రోజూ పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, బల్ల తుడిచి, ఎవరూ తీసుకురాని రేడియోల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

ఒకప్పుడు ఆ వీధిలో ఇంటికో వాల్వు రేడియో ఉండేది. స్టేషన్ల పేర్లు రాసిన గాజుపలక వెనక చిన్న బల్బు వెలిగితేనే రేడియో బతికున్నట్టు జనానికి లెక్క. ఆ బల్బు చూడ్డానికి టార్చిలైటు బల్బులాగే ఉంటుంది, మర కూడా సరిగ్గా పడుతుంది. అందుకే ప్రతివాడూ ముందు టార్చి బల్బు బిగించేవాడు. అది ఒక్కసారి భగ్గుమని మాడిపోయాక కొబినా దగ్గరికి పరిగెత్తేవాడు. "మర కాదురా చూడాల్సింది, లోపలి పూస చూడు, పూస!" అని కొబినా చీవాట్లు పెట్టేవాడు. రేడియో బల్బులో తీగని పట్టుకునే గాజుపూస నీలంగా ఉంటుంది, రేడియో కరెంటుకి తట్టుకునే బల్బని అదే గుర్తు. ఆ నీలిపూస బల్బుల తయారీ ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. కొబినా డబ్బాలోవి ఒక్కొక్కటే ఊళ్ళోవాళ్ళ రేడియోల్లోకి వెళ్ళాయి, ఆ రేడియోలు ఒక్కొక్కటే కోళ్ళగూళ్ళయ్యాయి. చివరికి మిగిలింది ఒకే ఒక్క బల్బు. అది అతని సొంత రేడియోలో ఉంది.

కొట్టే అతని ఇల్లు. పొద్దువాలాక ఆ పసుపు వెలుగు తప్ప అక్కడ అతనికి మరో తోడు లేదు.

ఉండేవాడు, ఎబో అబాకా అని ఒకడు ఉండేవాడు. జాలరి. మంగళవారం ఈ తీరంలో ఎవరూ వల వేయరు కాబట్టి ఆ రోజంతా కొబినా కొట్లోనే అతని మకాం. మొక్కజొన్న పిండి కెంకే ముద్ద, వేయించిన చేప ఇద్దరూ ఒకే ఆకులో తినేవాళ్ళు. రేడియో మీట నొక్కగానే ముందు దీపం వస్తుంది, వాల్వులు వేడెక్కి మాట రావడానికి అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం ఎబోది. "ఆగండర్రా, దొరగారు గొంతు సవరించుకుంటున్నారు!" అని ప్రతిసారీ అదే జోకు, ప్రతిసారీ అదే నవ్వు.

పందొమ్మిదేళ్ళ కిందట ఓ మంగళవారం ఎబో తన రేడియో చంకనెట్టుకొచ్చాడు. బల్బు మాడిపోయింది. కొట్టు నిండా జనం. "ఏరా కొబినా, నీ బల్బు కూడా నీ పెళ్ళాంలాగే తయారైందేం? చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది!" అన్నాడు. కొబినా భార్య అబిజాన్ వర్తకుడితో వెళ్ళిపోయి అప్పటికి సరిగ్గా నెల. అందరూ నవ్వారు. కొబినా ఆ రేడియోని ఎత్తి ఎబో చేతుల్లో పెట్టాడు. "నీ పెట్టె ఇంక నా బల్ల ఎక్కదు. పో."

వారం తిరక్కుండా కులపెద్ద క్వెకు ఎసెల్ రాజీసారా సీసా పట్టుకొచ్చాడు. ఎబో తప్పొప్పుకుని పంపిన సీసా అది. పుచ్చుకుంటే పగ తీరిపోయినట్టే. కొబినా మూత కూడా తియ్యకుండా తిప్పి పంపాడు. ఆ తర్వాత వీధిలో ఎదురుపడినా ఇద్దరూ చెరోవైపు చూసుకుంటూ పోయారు. మంగళవారాలు పొడుగైపోయాయి.

మొన్న గురువారం ఎబో కూతురు ఎఫువా ఎర్రటి చావుబట్ట కట్టుకుని కొట్టు ముందు నిలబడింది. చేతుల్లో ఆ రేడియో.

"బాబాయ్, శనివారం నాన్నని ఊరంతా కడసారి చూడ్డానికి పడుకోబెడుతున్నాం. మంచం పక్కన తెడ్డు, వల, ఇదీ పెట్టాలి. పాట రాకపోయినా ఫర్లేదు, దీపం వెలగాలి. దీపం లేకుండా పెడితే జనం ఏమంటారు?"

"ఇన్నాళ్ళూ ఎవరు బాగుచేశారు దీన్ని?" కొబినా గొంతు బిరుసుగానే ఉంది.

"ఎవరూ ముట్టుకోలేదు. పందొమ్మిదేళ్ళూ చీకట్లోనే విన్నాడు. ఎవరికైనా ఇద్దాం నాన్నా అంటే, దానికో మనిషున్నాడే, నువ్వూరుకో అనేవాడు."

కొబినా పెట్టె బల్ల మీద పెట్టమని చేత్తో చూపించాడు.

ఆమె వెళ్ళాక దాని ముందు కూర్చున్నాడు. చివరిదాకా ఎబోకి తన మీద కోపమేనా, కాదా? అతనికి కావలసింది ఆ ఒక్క జవాబే, చెప్పేవాడేమో మంచుపెట్టెలో ఉన్నాడు. లేచి తన రేడియో వెనకమూత విప్పి, ఉన్న ఒక్క నీలిపూస బల్బునీ తీశాడు. ఇల్లు బావురుమన్నట్టనిపించింది.

ఎబో రేడియో వెనక నాలుగు మరమేకుల మీదా పడవకి వేసే నీలం రంగు గట్టిగా పూసి ఉంది. ఎక్కడా గీత పడలేదు, పూశాక ఎవరూ విప్పలేదు. గీకి విప్పాడు. బాగుచేసినవాడు పెట్టె లోపలి చెక్క మీద పెన్సిల్‌తో తేదీ, పేరు రాయడం ఆ పనివాళ్ళ ఆచారం. అక్కడ ఏడు తేదీలున్నాయి. ఏడింటి పక్కనా కొబినా పేరే. వాటి కింద, వలతాడుతో కట్టిన అగ్గిపెట్టె. దాని మీద చదువురాని చేతి అక్షరాలు, కర్రల్లా నిలబడి ఉన్నాయి: కొబినాకి.

తెరిచాడు. దూది మధ్య కొత్త బల్బు. వెలుగుకి ఎత్తి చూశాడు. నీలిపూస.

ఏ ఓడవాణ్ణి బతిమాలి సంపాదించాడో. సంపాదించినవాడు తనే బిగించుకోవచ్చు, రెండు తిప్పులు తిప్పితే సరిపోయే పని. బిగించుకోలేదు. ఈ పెట్టె మళ్ళీ బల్ల ఎక్కే రోజు కోసం దాచిపెట్టి, చీకట్లో కూర్చున్నాడు. కొబినా బల్ల మీద తల వాల్చి పెద్దగా ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని తన బల్బు ఎబో రేడియోలో బిగించాడు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. ఏడు తేదీల కింద ఎనిమిదోది రాశాడు.

శనివారం ఎబో కొత్త కెంటే బట్టలో దర్జాగా పడుకున్నాడు. పక్కన రేడియో పసుపుపచ్చగా వెలుగుతోంది. క్వెకు ఎసెల్ చేతికర్ర ఊతంగా కొబినా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సీసా వద్దన్నావు. దీపం తెచ్చావా?"

"తెచ్చాను పెద్దాయనా."

"వాడు ఇప్పుడు చూస్తాడా?"

కొబినా వంగి రేడియోని ఎబో ముఖంవైపు కాస్త తిప్పాడు.

మంగళవారం కొట్లోకి ఎవరూ రాలేదు. కొబినా అగ్గిపెట్టె తెరిచి, ఎబో బల్బు తన రేడియోలో బిగించి, మీట నొక్కాడు. దీపం వచ్చింది. మాట ఇంకా రాలేదు. ఆ అరనిమిషం అతను ఎవరో ఏదో అంటారన్నట్టు చెవి రిక్కించి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

రేడియో మాట్లాడడం మొదలుపెట్టాక ఆపేసి, వెనకమూత మళ్ళీ తీశాడు. లోపలి చెక్క మీద అన్ని తేదీల పక్కనా అతని పేరే. పెన్సిల్ నాలిక మీద తడిపి వాటి కింద తేదీ వేశాడు. పక్కన బాగుచేసినవాడి పేరు రాశాడు: ఎబో అబాకా.