పిక్కల్లో నీరు

మరిడమ్మ సొంత తమ్ముడికి అన్నంలో మందు పెట్టి ఓడించిందని ఒక మాట ఉంది. మలయాకి స్వతంత్రం వచ్చి మెర్డెకా జెండా ఎగిరిన మర్నాడు బస్తీలో జరిగిన గుద్దులాటలో ఆ తమ్ముడు పైడిరాజు రెండో రౌండుకే కూలబడ్డాడు కదా, అది అవతలివాడి గొప్ప కాదట. పొద్దున్నే అప్ప, అంటే అక్క, తన పొయ్యి మీద వండి, తన చేత్తో కలిపి పెట్టిన అన్నంలో ఏదో నూరి వేసిందట. అందుకు అవతలివాడి దగ్గర చీర పుచ్చుకుందట. పెళ్ళిళ్ళలోనూ దినాల్లోనూ నలుగురు తెలుగువాళ్ళు ఒక చాప మీద చేరితే, ఈ మాట కూడా వచ్చి ఓ మూల కూర్చునేది. హుటాన్ మెలింటాంగ్‌లో పుట్టిన మాట సుంగై పెటాని చేరేసరికి నూలుచీర పట్టుచీర అయింది. దానికి జానెడు జరీ అంచు కూడా వచ్చింది.

మరిడమ్మకి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. హుటాన్ మెలింటాంగ్‌లో నది ఒడ్డున కొబ్బరితోటలో, చిప్పలు ఎండబెట్టే కళ్ళంలో పని. మొగుడు పడవ బోల్తాపడి పోయాడు. పిల్లలు లేరు. తల్లి పోతూ పోతూ ఒళ్ళో పెట్టి వెళ్ళిన తమ్ముడు పైడిరాజునే చంకనేసుకుని పెంచింది. ఆ తల్లి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కినప్పుడు తెచ్చుకున్నవి రెండు కోకలూ ఒక విద్యా. కోకలు చిరిగిపోయాయి. విద్య మాత్రం కూతురి చేతుల్లోకి దిగింది. బెణికిన కాలు, పట్టేసిన నడుము, జారిన భుజం ఏదైనా సరే, కాస్త కొబ్బరినూనె రాసి ఆమె వేళ్ళు ఆడిస్తే దారికి వచ్చేవి.

ఏడాదికి రెండుసార్లు బస్తీకి తిరనాళ్ళ డేరాలు వచ్చేవి. రంగులరాట్నం పక్కన తాళ్ళు కట్టి బాక్సింగ్ పెట్టేవారు. తోటలో దాన్ని గుద్దులాట అనేవారు. పొద్దు గుంకితే కర్ఫ్యూ కాబట్టి ఆటలన్నీ మధ్యాహ్నం ఎండలోనే. తోటలో కల్లు దుకాణం నడిపే సెల్లప్పన్ తలుపు వెనక సుద్దతో రెండు పేర్లు రాసి పందేలు కట్టించుకునేవాడు. ఒక పేరు మీద ఎవరూ కాయకపోతే ఆ పేరు చెరిపేసేవాడు. అతను చెరిపితే డేరావాళ్ళు కూడా ఆ మనిషిని తాళ్ళలోకి ఎక్కించేవారు కాదు. చూసేవాళ్ళకి ఆట కావాలి గానీ, డేరావాళ్ళకి కావలసింది పందెమే.

పందెం కాసే ముందు మగవాళ్ళు ఒక్కొక్కరే మరిడమ్మ గుమ్మం తొక్కేవారు.

"ఓలప్పా, మోకాలు పట్టేసినాది."

"మోకాలు పట్టేసినోడివి కాలవ దూకి వచ్చినావేటి? సూసినాను. ఏటి కావాల నీకు?"

"మరేటీ నేదు. ఆ మలాయి కుర్రోడి నడుం నువ్వు తోమినావంట గదా..."

"తోమినాను. నడుం ఆడిది. నీకెందుకు?"

అంతకుమించి రాలేది కాదు ఆమె నోటివెంట. తన చేతికిందికి వచ్చిన ఒళ్ళు ఎవరిదైనా, దాని గుట్టు ఇంకొకరికి చెప్పేది కాదు. కానీ ఎవరి పేరు చెబితే ఆమె మొహం ముడుచుకుంటుందో, ఎవరి పేరుకి ఊరుకుంటుందో కనిపెట్టి వెళ్ళి కాసేవారు. ఆరేళ్ళలో ఆ మొహం ఒక్కసారీ తప్పలేదు.

ఆమె చూసే పద్ధతి చిన్నది. పిక్క మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి తీసేది. పడిన గుంట, మనసులో 'ఒకటి' అనుకునేలోగా పూడిపోవాలి. పూడితే కండ.

మగవాళ్ళ పద్ధతి వేరు. తూకం గుమాస్తా కన్నబాబు వాళ్ళకి పెద్ద. "ఎద్దుని కొన్నప్పుడు ఏటి సూత్తామురా? కొమ్ములా? మెడా, పిక్కలూ సూత్తాం. మడిసికీ అంతే" అనేవాడు.

పైడిరాజుకి ఇరవై రెండేళ్ళు. నేలలో పాతిన ఇనుప శూలం మీద రోజుకి వెయ్యి కాయలు పీచు ఒలిచిన భుజాలు. అంతకుముందు రెండు తిరనాళ్ళలో రెండు ఆటలు గెలిచాడు. మూడోది కూడా గెలిస్తే పోర్ట్ స్వెట్టన్‌హామ్ ఓడరేవు నుంచి గుద్దులాటగాళ్ళని ఏరుకోవడానికి వచ్చే ఏజెంటు తనతో తీసుకుపోతానని మాట ఇచ్చాడు. అవతలి మనిషి ఆ రేవులో మూటలు మోసే నాగప్పన్. కిందటి తిరనాళ్ళకి వచ్చినప్పుడు నాగప్పన్ భుజం జారితే మరిడమ్మే కూర్చింది. అందరూ చూస్తుండగానే అతను ఒక నూలుచీర ఆమె అరుగు మీద పెట్టి దండం పెట్టి వెళ్ళాడు.

ఆ ఏడాది తోటలో రోజులు బాగాలేవు. అడవిలో ఉండి సర్కారు మీద పోరాడే కమ్యూనిస్టులకి తిండి అందకూడదని కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేసి అప్పటికే ఆరేళ్ళయింది. మే నెలలో ఇంకో ఆజ్ఞ వచ్చింది. ఇళ్ళలో బియ్యం ఉండకూడదు. గింజతో సహా ఊడ్చుకుపోయారు. లైన్ల చివర రేకుల పాక కింద పెద్ద గుండిగల్లో అందరికీ ఒకచోటే వండి, పూటకింతని వడ్డించేవారు. వడ్డించే పని కన్నబాబు పెళ్ళాం పాపాయికి ఇచ్చారు. పనిలోకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర పోలీసులు ఒళ్ళంతా తడిమేవారు. చక్కెర వేసిన టీ నీళ్ళు కూడా కంచె దాటకూడదు. చీకటితో వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చి గిన్నెలు పట్టుకుని వరస కట్టేసరికి, తవుడు పోయేదాకా తెల్లగా మరపట్టిన ఆ బియ్యపు అన్నం చల్లారి, జిగురెక్కి, పాచి వాసన వేస్తుండేది.

"పాపాయి వదినా, ఇంకొక్క గరిటె ఎట్టవే. పీచు ఒలిచొచ్చినాడు" అని మరిడమ్మ అడిగితే,

"గుద్దులాటకాడివని నీకు దొర వేరేగా కొలిసినాడేటి, బావూ?" అని పాపాయి పైడిరాజునే ఎకసెక్కం చేసేది. వెనకున్నవాళ్ళు నవ్వేవారు. మరిడమ్మ తన గిన్నెలోది సగం తమ్ముడి గిన్నెలోకి ఒంపేది.

జూలైకల్లా పైడిరాజు మెడ సన్నబడింది. పిక్కలు మాత్రం లావెక్కాయి. కంచె వెంట పరిగెత్తుతుంటే నున్నగా, మెరుస్తూ కనబడేవి. మగవాళ్ళు అరుగుల మీంచి చూసి మురిసిపోయేవారు.

"సూడండర్రా, పిక్కలు ఎలగ బలిసినాయో! కరువులో కూడా బలిసినాడంటే ఈడు మడిసి కాదు" అన్నాడు కన్నబాబు.

ఆగస్టు నడిమిలో ఒక సాయంత్రం మరిడమ్మ తమ్ముడి కాళ్ళకి నూనె రాయడానికి కూర్చుంది. అలవాటు చొప్పున బొటనవేలు నొక్కి తీసింది. ఒకటి. రెండు. మూడు. ఐదు దాకా వచ్చినా గుంట అలాగే ఉంది. పాదం మీద నొక్కింది. అక్కడా అంతే. కళ్ళంలో ఆమె పక్కన పనిచేసే అప్పలమ్మ ముసల్దానికి కిందటి నెల కాళ్ళు ఇలాగే ఉబ్బి, తరవాత గుండె ఆగిపోయింది.

"మెట్లెక్కితే ఆయాసం వత్తందా?"

"కొద్దిగ."

"పైడీ, ఇది కండ కాదురా. నీరు. ఈ ఆట ఒగ్గీ."

అతను కాలు లాక్కున్నాడు. "ఒగ్గేసి ఏటి సెయ్యాల? ఈ కంచెలో ఆ పాసన్నం తింటా కూకోనా? గెలిత్తే ఆ ఏజెంటు తీసుకుపోతాడప్పా. అక్కడ గేట్లో తడిమేవోడు నేడు. మూడు పూట్లా తింతాను. నాకున్నది ఈ ఒక్క ఆటే."

"తాళ్ళల్లోకెక్కితే నీ కాళ్ళే నిన్ను దింపేత్తాయి. అప్పలమ్మని సూసినావు గదా."

"ముసల్దానికీ నాకూ పోలికేటి! నువ్వు ఎవులికీ సెప్పకు. నీకు దండం ఎడతాను."

మరిడమ్మ రెండు రోజులు నోరు కుట్టేసుకుంది. వాడు తాళ్ళలోకి ఎక్కకుండా ఉండాలంటే సెల్లప్పన్ తలుపు మీద వాడి పేరు చెరిగిపోవాలి. చెరగాలంటే ఎవరూ కాయకూడదు. ఎవరూ కాయకూడదంటే తను చెప్పాలి. ఎటు తిప్పి ఆలోచించినా దారి తన నోటి దగ్గరికే వచ్చి ఆగింది.

మూడో రోజు అన్నం వరసలో, అందరూ ఉండగా అంది:

"మావోడి మీద కాయకండి. ఆడికి కాళ్ళల్లో నీరు దిగినాది. గెలవడు."

పాపాయి గరిటె గాలిలో ఆగింది. పైడిరాజు గిన్నె పట్టుకుని నాలుగో మనిషి వెనక నిలబడి ఉన్నాడు. అతను తల ఎత్తలేదు.

ముందు నవ్వింది కన్నబాబు. "ఓలమ్మో! ఆరేళ్ళు బెల్లం కొట్టిన రాయిలాగ ఉన్న మడిసి, ఇయాల పిలిసి మరీ సెప్తందంటే ఏటిరా అర్థం? పిక్కలు మనకి కనబడ్డం నేదా? ఆ సెల్లప్పను సెప్పించినాడు! మనోడు గెలిత్తే డబ్బులు ఇచ్చుకోవాలని బయపడి, మనల్ని ఎనక్కి తగ్గించడానికి."

"నాగప్పన్ ఎట్టిన చీర ఊరికే ఎట్టినాడేటి మరి" అంది పాపాయి.

"నానెందుకు అబద్ధం సెప్తానే? నా తమ్ముడు ఆడు!" అంది మరిడమ్మ.

"అందుకే గదా సెప్పించినాడు" అన్నాడు కన్నబాబు.

సాయంత్రానికి ఆ మాట సెల్లప్పన్ చెవిన పడింది. ప్రతి మాట చివరా మలాయి వాళ్ళ మాదిరి 'లా' తగిలించే మనిషి. "మరిడక్క చెప్పితే సరి లా" అని పైడిరాజు పేరు పక్కన, గెలిస్తే ఒకటికి ఒకటి ఇస్తానన్నది చెరిపి, ఒకటికి మూడు అని రాశాడు. అది చూశాక మగవాళ్ళకి పూనకం వచ్చినట్టయింది. డాలరు కాద్దామనుకున్నవాడు చెవిపోగులు తెచ్చాడు. మరిడమ్మ చెరిగిపోవాలనుకున్న పేరు తోటలో ఎప్పుడూ లేనంత బరువుతో తలుపు మీద నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి ఆట దాకా పైడిరాజు అప్పతో మాట్లాడలేదు. తన గిన్నెలోకి ఆమె ఒంపబోతే గిన్నె పక్కకి తీసుకునేవాడు.

శనివారం స్వతంత్రం వచ్చింది. తోట ఆఫీసు మీద కొత్త జెండా ఎగరేశారు. పిల్లలకి మిఠాయి పంచారు. ఆదివారం ఉదయం బస్తీకి లారీ ఎక్కబోతే గేటు దగ్గర ఎప్పటిలాగే అందరి జేబులూ తడిమారు. నిన్న పంచిన మిఠాయి పైటకొంగున కట్టుకున్న ఒక ముసలమ్మ చేత అది విప్పించారు.

తాళ్ళ చుట్టూ జనం. మొదటి రౌండులో పైడిరాజు బాగానే కొట్టాడు. తోట జనం గొంతులు పోయేలా అరిచారు. మరిడమ్మ అతని గుద్దులు చూడలేదు, పాదాలే చూసింది. అవి నేల మీద నుంచి లేవడం లేదు. రెండో రౌండులో నాగప్పన్ ఇంకా చెయ్యి చాచాడో లేదో, పైడిరాజు కాళ్ళు మడతపడి కూర్చుండిపోయాడు. లేవబోయాడు. లేవలేదు. పది లెక్కపెట్టారు. నాగప్పన్ కూడా తెల్లబోయి తన చేతి వంక చూసుకున్నాడు.

తిరుగు లారీ నది వంతెన దాటాక కన్నబాబు అన్నాడు.

"దెబ్బ తగలకుండా పడిపోయినోణ్ణి ఇన్నేళ్ళలో నాను సూడనేదు."

"పడతాడని ముందే ఎలాగ ఎరిక?" అన్నారు ఎవరో.

"సేసినోళ్ళకి ఎరికుండదేటి?" అంది పాపాయి. అని, కొంచెం ఆగి, పక్కామెతో మెల్లగా, అయినా అందరికీ వినబడేలా, "పొద్దున్న ఆ గుంటడికి అన్నం ఎవులెట్టినారో మరి" అంది.

మరిడమ్మ తమ్ముడి వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'నాను మా అప్ప సేతి కూడు తిని పది రోజులయినాది' అంటే చాలు. పైడిరాజు లారీ బల్ల మీద ఉబ్బిన కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ముందు ఆమె వంక చూశాడు. తరవాత చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. నీరసపడి పడిపోయినవాడి మీద జాలి పడతారు, నవ్వుతారు. మందు పెడితే పడిపోయినవాడు ఇంకా వీరుడే. అతను తల తిప్పి నది వైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు అర్థమైంది మరిడమ్మకి. వాడికి మిగిలిన పరువు అదొక్కటే. దాన్ని కూడా లాక్కోవడానికి నోరు రాలేదు. ఆటకి ముందు నోరు విప్పినందుకు ఒక శిక్ష పడింది, ఇప్పుడు విప్పనందుకు ఇంకొకటి. రెండోది పెద్దది.

నాగప్పన్‌ని మళ్ళీ వెంటబెట్టుకుపోయిన ఏజెంటు పైడిరాజుని పలకరించలేదు. ఆ సంవత్సరం చివర కంచె గేటు దగ్గర కట్టడి కాస్త సడలాక పైడిరాజు సుంగై పెటాని వైపు రబ్బరు పనికి వెళ్ళిపోయాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. తవుడూ పప్పులూ తిన్నాక కాళ్ళు మామూలయ్యాయి. అక్కడి పెళ్ళిళ్ళలో ఎవరైనా మందు కథ ఎత్తితే, కాదనేవాడు కాడు, ఔననేవాడూ కాడు. గోళ్ళు చూసుకునేవాడు. అప్పని ఒక్కసారి చూడడానికి వచ్చాడు, ఆమెను పాడె మీద కట్టాక.

ఆమె చేతి కింద ఒళ్ళు పెట్టడానికి ఆ తరవాత ఎవరూ రాలేదు. మందు పెట్టే చెయ్యి అని భయం. నడుములు పట్టేసినవాళ్ళు పట్టేసిన నడుములతోనే తిరిగారు. కన్నబాబు భుజం జారి ఆరు నెలలు కుడిచెయ్యి ఎత్తలేక, ఎడమచేత్తో లెక్కలు రాశాడు గానీ, నాలుగు గుమ్మాల అవతలున్న ఆమె దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రాలు మరిడమ్మ అరుగు మీద కూర్చుని తన కాళ్ళకే నూనె రాసుకునేది. నొక్కి చూసుకుని, లెక్కపెట్టుకునేది.

మందు కథ చెప్పేవాళ్ళు పొయ్యి సంగతీ, చీర సంగతీ, అన్నం ముద్ద కలిపిన వేళ్ళ సంగతీ అన్నీ చెబుతారు. ఆ మే నెల నుంచి ఆటరోజు దాకా లైన్లలో ఏ ఇంటి పొయ్యి మీదా అన్నం ఉడకలేదు. ఆదివారం పొద్దున్న పైడిరాజు తిన్నది అందరూ తిన్న గుండిగలోదే. అతని గిన్నెలో అది వడ్డించింది పాపాయి.