జనరేటర్ బండి వెనక

నిస్సికి ముప్పై ఒక్క ఏళ్లు నిండాయి. మెదక్ టౌన్‌కు మాత్రం ఆమె ఇంకా ఐదేళ్ల పిల్లే. కూరగాయల రాజమణి దగ్గర బెండకాయలు ఏరుకుంటున్నా, దవాఖానలో తల్లి మోకాళ్ల మందుల కోసం లైన్లో నిలబడ్డా, వెనక నుంచి ఎవరో ఒకరు "చిట్టీ" అని పిలుస్తారు. చిట్టి ఆమె పేరు కాదు. ఇరవై ఆరేళ్ల కిందట వచ్చిన ఒక సినిమాలో ఆమె వేసిన పాత్ర పేరు. జాతరలో తప్పిపోయిన పిల్ల అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడుస్తుంది, అదీ పాత్ర. పిలిచినవాళ్లు ఊరికే వదిలిపెట్టరు. పక్కనున్నవాళ్లకు చూపించి, ఏదీ, ఒక్కసారి ఏడ్చి చూపించమంటారు. పెళ్లిళ్లలో అడిగారు, బ్యాంకులో అడిగారు. తండ్రి క్రిస్టోఫర్‌ను సమాధి చేసిన రోజున ఆమె కళ్లు తడవకుండా కూర్చుంటే, సినిమాలో అంత ఏడ్చిన పిల్లకు ఇప్పుడేమైందని గుసగుసలాడుకున్నారు. ఇలాంటివాళ్లకు ఏం చెప్పమంటారు? నిస్సి కూడా చెప్పడం మానేసి చాలాకాలమైంది.

ఆ సినిమా కథ ఇదీ. పాట తీయడానికి మెదక్ వచ్చిన సినిమావాళ్లు సండేస్కూలు పిల్లల్ని చర్చి మెట్ల మీద నిలబెట్టారు. అందరిలోకీ పెద్ద కళ్లున్న పిల్లను చూసి పట్టుకున్నారు. తల్లి సలోమి అప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ముందు భయపడింది, తర్వాత మురిసిపోయింది, రెండు చీరలు సంచిలో పెట్టుకుని పిల్ల వెంట తనూ షూటింగుకు వెళ్లింది.

అసలు షాట్ రోజున పిల్ల ఏడవలేదు. గ్లిజరిన్ వేస్తే మండి కళ్లు మూసుకుంది. గదమాయిస్తే నవ్వింది. పొద్దు వాలిపోతోంది, అందరూ చిరాకు మీద ఉన్నారు. అప్పుడొకాయన సలోమిని పక్కకు పిలిచి జనరేటర్ బండి వెనక నిలబెట్టాడు. మేం చెప్పేదాకా బయటికి రావద్దన్నాడు. పిల్ల దగ్గరికొచ్చి, మీ అమ్మ నిన్ను వదిలేసి బస్సెక్కి మెదక్ వెళ్లిపోయిందన్నాడు.

అంతే, పిల్ల మట్టిలో పడి పొర్లింది. "అమ్మా, నన్ను ఇడిసిపెట్టి పోకే. నేను సప్పుడు చెయ్యనే. అన్నం గూడ అడగనే" అని దిక్కులు చూస్తూ అరిచింది. కెమెరా తిరిగింది, షాట్ ఓకే అయింది, అందరూ చప్పట్లు కొట్టారు. జనం ఆ మాటలు ఎన్నడూ వినలేదు. ఆ యాస పనికిరాదని, డబ్బింగులో ఎవరో పెద్దావిడ తియ్యటి గొంతు పెట్టి వేరే మాటలు చెప్పింది. రాష్ట్రమంతా ఏడ్చింది ఆ గొంతుకే. పిల్ల నిజంగా అన్న మాటలు ఇద్దరికే గుర్తున్నాయి, అన్న పిల్లకూ, బండి వెనక నిలబడి విన్న తల్లికీ. ఆ సంగతి వాళ్లిద్దరూ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎత్తుకోలేదు.

తర్వాత ఇంకో మూడు సినిమాలు వచ్చాయి, అన్నింట్లోనూ ఏడుపే. ఆపైన ముందు పళ్లు ఊడాయి. పదకొండో ఏటికల్లా సలోమి భుజం దాటి పెరిగింది. పిల్ల వేషానికి పెద్దదైంది, పెద్ద వేషానికి పిల్లయింది. ఫోన్లు ఆగిపోయాయి. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో నర్సరీ టీచరుగా కుదురుకుంది గానీ, నటన పిచ్చి మాత్రం దిగలేదు. బిక్షపతి అనే ఆయన నడిపే కళాజాతాలో చేరింది. టీబీ గురించి, తాగుడు గురించి ఊరూరా నాటకాలు వేసే బృందం అది. శంకరంపేట అంగట్లో తాగుబోతు పెళ్లాంగా, నిజాంపేటలో గయ్యాళి అత్తగా, మైకు లేకుండా దుమ్ములో నిలబడి గొంతు చించుకుంది. అక్కడ నేర్చుకుంది ఆమె, నిజంగా నటించడం. తీరా నాటకం అయ్యాక జనం పోకుండా ఉండాలని బిక్షపతే, "గీమె ఎవలో ఎరికేనా, మన సినిమా చిట్టి" అని చాటేవాడు. మళ్లీ మొదలు, ఏడ్చి చూపించమని. గయ్యాళి అత్తను అందరూ అక్కడికక్కడే మరిచిపోయేవాళ్లు.

సినిమాల సంగతి అడగనే అక్కర్లేదు. ఏడేళ్లుగా హైదరాబాదు బస్సెక్కి ఆడిషన్లకు తిరుగుతోంది. ఒక సీరియల్లో నర్సు, ఒక సినిమాలో పెళ్లికూతురి పక్కన పళ్లెం పట్టుకునే మనిషి, ఇంకోదాంట్లో శవం దగ్గర కూర్చున్న ముసుగు. ఎక్కడా కెమెరా ఆమె ముఖం దగ్గరికి రాలేదు. "నా మొకం కంటె నా ఈపే ఎక్కువ సినిమాలల్ల జేసింది" అని తనే నవ్వేది. ఆ నవ్వు కూడా ఈమధ్య తగ్గింది. ఒక్క క్లోజప్ కావాలి, అంతే. పెద్దదైన తన ముఖం తెర నిండా ఒక్కసారి కనబడితే ఊళ్లో ఆ చిట్టి చచ్చిపోతుందని ఆమె ఆశ. ఈ డిసెంబరు దాటితే బస్సులెక్కడం మానేస్తానని తల్లికి చెప్పేసింది కూడా.

సరిగ్గా అప్పుడు రఘుపతి ఫోన్ చేశాడు. కుర్ర డైరెక్టరు, మొదటి సినిమా. నర్సాపూర్ బస్టాండులో ఆమె తాగుబోతు పెళ్లాం వేషం చూశాడట. చిట్టి ఎవరో అతనికి తెలియదు. ఆ మాట విని నిస్సి ఆ రోజు రెండుసార్లు టీ పెట్టుకు తాగింది. వేషం చిన్నదే, పిల్లను హాస్టల్లో వదిలి వెళ్లిపోయే తల్లి. మెదక్‌లోనే షూటింగు, చర్చికి ఆవలి వీధిలో ఒక పాత బంగళాలో. వెనక్కి తిరిగి పిల్లను ఒక్కసారి చూస్తుంది, అదీ క్లోజప్.

షూటింగు రోజున సలోమి కూడా వస్తానంది. మోకాళ్లు పట్టేసినా, కర్రా టిఫిన్ డబ్బా చేతబట్టుకుని ఆటోలో కూతురి పక్కనే కూర్చుంది. బంగళా ఆవరణలో వంటసామాన్ల వ్యాను ఒకటి నిలిపి ఉంటే, దాని వెనక నీడలో కుర్చీ వేయించుకుంది. అందరికీ కనబడేచోట కూర్చోమని నిస్సి చెప్పినా, నాకు గీడనే మంచిగుంది అంది.

పొద్దున నిస్సినీ, పిల్ల వేషం వేసే అమ్మాయినీ కలిపి దూరం నుంచి తీశారు. నిస్సి వెనక్కి తిరిగిందో లేదో కళ్లు నిండుకొచ్చాయి. రఘుపతి కట్ చెప్పాడు. మళ్లీ తీశారు, మళ్లీ అంతే. అతను కోప్పడలేదు. పక్కకు తీసుకెళ్లి, ఈ తల్లి ఏడవదండీ, ఆమె ఏడిస్తే పిల్ల అక్కడ ఉండదు కదా, అన్నాడు. క్లోజప్‌లో కూడా ఇలాగే అయితే వెనక నుంచే తీసేసుకుందాం లెండి అని కూడా అన్నాడు. మంచి మాటగానే అన్నాడు. ఇక్కడ కూడా వీపేనా అనుకుంది నిస్సి. ఆమె ముఖానికి చిన్నప్పుడు ఒక్కటే పని నేర్పారు. ఇప్పుడు వద్దంటే అది వినడం లేదు.

మధ్యాహ్నం తర్వాత పిల్ల క్లోజప్ పెట్టారు. పిల్లలు అలిసిపోతారని వాళ్లవి ఎప్పుడూ ముందు తీసేస్తారు. ఆ పిల్ల పేరు ఇషాన్వి, హైదరాబాదు నుంచి వచ్చింది, ఐదేళ్లు. పిల్ల ఏడవాలి. ఏడవడం లేదు. గంట గడిచింది, వరండాలో ఎండ మెట్టు మెట్టూ దిగిపోతోంది. పిల్ల షాట్ అయితే గాని నిస్సి షాట్ లేదు. వెలుగు పోతే ఈ బంగళా మళ్లీ దొరకదు.

కో-డైరెక్టరు పెద్దాయన, పాత సినిమాల్లో పనిచేసినవాడు, నిస్సిని గుర్తుపట్టాడు. దగ్గరికొచ్చి మెల్లిగా, "మీకు తెలియనిదేముందమ్మా. పిల్ల మీకు చేరికైంది, మీరు చెబితే నమ్ముతుంది. వాళ్లమ్మ వెళ్లిపోయిందని ఒక్క మాట అనండి చాలు" అన్నాడు. పిల్ల తల్లి అప్పటికే మాట్లాడుకున్నట్టు వ్యాను వైపు నడుస్తోంది.

నిస్సి మెట్ల మీది ఎండ వైపు చూసింది. అబద్ధం ఒక్కటి చెబితే ఐదు నిమిషాల్లో పిల్ల ఏడుస్తుంది, ఎండ ఉండగానే తన క్లోజప్ పడుతుంది. ఇషాన్వి ఆమె చీర అంచు పట్టుకుని చాక్లెట్ కాగితం నలుపుతోంది. నిస్సికి ఒళ్లంతా అలసటగా అనిపించింది, ఇరవై ఆరేళ్ల అలసట.

పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఇషా, మీ అమ్మ ఏడికి పోదు. అగో, ఆ వ్యానెన్క నిలబడ్తది. మనం ఉత్తగ ఆట ఆడుతున్నం. ముందుగాల నేను పిల్లనైత, నువ్వు సూడు. నచ్చితె నువ్వు గూడ నా లెక్క జెయ్యి" అంది. కో-డైరెక్టరు తల పట్టుకున్నాడు. రఘుపతి కెమెరామన్‌కు సైగ చేశాడు.

కెమెరా పిల్ల మీద ఉంది. దాని పక్కన, ఫ్రేములో పడని చోట, నిస్సి మోకాళ్ల మీద కూర్చుంది. ఆ మాటలు వాటంతటవే వచ్చాయి, డబ్బింగావిడ మాటలు కాదు, మట్టిలో పొర్లినప్పటి మాటలు. "అమ్మా, నన్ను ఇడిసిపెట్టి పోకే. నేను సప్పుడు చెయ్యనే. అన్నం గూడ అడగనే." నేల గీకుతూ, ఎటు చూడాలో తెలియక దిక్కులు చూస్తూ ఏడ్చింది. ఇషాన్వి పెదవి వణికింది. కళ్లు పెద్దవయ్యాయి, నిండాయి, నీళ్లు బుగ్గల మీదికి జారాయి. ఆటో నిజమో తేల్చుకోలేని ఆ ముఖాన్ని కెమెరా మొత్తం తీసుకుంది. నిస్సి తన జన్మలో అంత బాగా ఎప్పుడూ నటించలేదు. అదొక్కటీ ఏ కెమెరాలోనూ లేదు.

రఘుపతి కట్ చెప్పకముందే వ్యాను వెనక కుర్చీ కిందపడ్డ చప్పుడైంది. సలోమి వస్తోంది. కర్ర మరిచిపోయింది, మోకాళ్లు సహకరించడం లేదు, లైట్ల తీగలు దాటుకుంటూ, ఆపబోయిన మనిషిని తోసుకుంటూ వస్తోంది. వచ్చి కూతురి పక్కన నేలమీద చతికిలబడి ఆమె ముఖం రెండు చేతులా పట్టుకుంది.

"ఏడికి పోలే బిడ్డా. బండెన్కనే ఉన్న. నేను బండెన్కనే ఉన్న."

ఇషాన్వి తల్లి పరుగెత్తుకొచ్చి తన పిల్లను ఎత్తుకుపోయింది. నిస్సి వెక్కిళ్ల మధ్యే, ఎన్నడూ అడగనిది అడిగింది. "అప్పుడు ఆడ నిలవడి ఏం జేసినవే?"

"ఏం జేస్త? కొంగు నోట్లె కుక్కుకున్న. సప్పుడైతె నీ షాట్ ఖరాబైతదన్నరు" అంది సలోమి. అని తల దించుకుంది.

చర్చి గంట కొట్టింది. పది నిమిషాల వెలుగుంది, చేస్తారా అని రఘుపతి అడిగాడు. నిస్సి లేచి ముఖం కడుక్కుంది. పిల్ల వెళ్లిపోయింది కాబట్టి, చూపు నిలపడానికి కెమెరా పక్కన ఒకతను పిడికిలి పట్టుకుని నిలబడ్డాడు. అలాంటప్పుడు ఆ పిడికిలినే బిడ్డ అనుకోవాలి, అదీ పద్ధతి. నిస్సి అతన్ని పక్కకు జరగమంది. ఆ చోట కుర్చీ వేయించి తల్లిని కూర్చోబెట్టింది. ఏం చెయ్యాలె బిడ్డా అని సలోమి అడిగితే, ఏం చెయ్యకు, నన్ను చూడు చాలు అంది.

గేటు దాకా నడిచి వెనక్కి తిరిగింది. కెమెరా పక్కన ముడుచుకుని కూర్చున్న తల్లి కనబడింది. నెరిసిన జుట్టు, ఒళ్లో టిఫిన్ డబ్బా. గొంతు దాకా వచ్చిన ఏడుపును నిస్సి అక్కడే నొక్కిపట్టింది. నోట్లో కొంగు లేదు గానీ ఉన్నట్టే దవడలు బిగించింది. ఆ ముఖం చిట్టిది కాదు. కళ్లలో ఒక్క చుక్క లేదు. అలా చూసి, తిరిగి గేటు దాటి వెళ్లిపోయింది.

రఘుపతి కట్ అన్నాడు, తర్వాత మెల్లిగా ఓకే అన్నాడు. లైట్లు ఆర్పేసి సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ షాట్ సినిమాలో ఉంటుందో, ఎడిటింగు కోతలో పోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. నిస్సి ఆ మాట అడగను కూడా లేదు.

గేటు బయటి నుంచి తిరిగొచ్చేసరికి సలోమి ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. రెండు చేతులతో డబ్బా గట్టిగా పట్టుకుంది.

"అయిపోయిందే అమ్మా" అంది నిస్సి.

"గట్ల సూస్తరా బిడ్డా?" అంది సలోమి. "నిజంగనే ఇడిసిపెట్టి పోతున్నవనుకున్న."

నిస్సి వంగి తల్లి చంకల కింద చేతులు వేసి లేపింది, కర్ర వెతికి చేతికిచ్చింది. ఇద్దరూ మెల్లగా ఆటో కోసం రోడ్డెక్కారు.