సవరయ్య కుట్టిన వీపులు

మా నూజివీడు టైలర్ సవరయ్యకి ఒకే ఒక్క జబ్బు. తన మిషను కిందనుంచి బయటికి వెళ్ళే ప్రతి గుడ్డ మీదా ఏదో ఒక కంపెనీ పేరు కనపడి తీరాలి. పేరు లేకుండా చొక్కా కుట్టమంటే, తాళి లేకుండా పెళ్ళి చేయమన్నట్టు చూసేవాడు.

ఆ బాధ నేను మొదట నా పాంటు ద్వారా అనుభవించాను. పాంటు గుడ్డ అంచున మిల్లు పేరు బంగారు రంగులో అచ్చేసి ఉంటుంది కదా, లోకంలో ఏ టైలరైనా దాన్ని కత్తిరించి పారేస్తాడు. సవరయ్య దాన్ని నడుము నుంచి మడమ దాకా పైకి కనపడేలా దింపాడు. బళ్ళో డ్రిల్లు మాస్టార్ని, ఆ పాంటుతో పిల్లల ముందు నిలబడేదెలా?

"ఏంటి సవరయ్యా ఇది?"

"మిల్లోళ్ళు బంగారపు సిరాతో రాయించుకున్నారండీ. లోపలికి తిప్పేస్తే ఎవరు చదువుతారు?"

"బయటికి తిప్పితే నా కాళ్ళు పట్టుకుని ఎవడు చదవాలి?"

"రెండు కాళ్ళూ చదవక్కర్లేదు మాస్టారండీ. కుడికాలి మీదా అదే రాసుంది."

పాంటుకి పేరు గుడ్డతోనే వస్తుంది. పేరు లేని గుడ్డ తెచ్చినవాళ్ళ గతి ఇంకా ఘోరం. హనుమాన్ జంక్షన్ హోటళ్ళ నుంచి మైదా, రవ్వ, సేమియా వచ్చిన నూలు సంచులు తెప్పించి, ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి, బీరువాలో పట్టుచీరల్లా దాచుకునేవాడు. ఎవరి బట్టకి ఏ సంచి ముక్క అతకాలో ఆయన ఇష్టం.

తాలూకా ఆఫీసు గుమాస్తా వెంకటకృష్ణారావుగారి భార్య రాజరాజేశ్వరిగారు పుష్టిగా ఉండే మనిషి. ఆవిడ జాకెట్టుకి గుడ్డ చాల్లేదని సవరయ్య వీపున రవ్వ సంచి ముక్క వేశాడు. ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని యుద్ధానికి వచ్చింది.

"ఇదేం రాతయ్యా నా వీపు మీద? చదవండి మీరు!"

వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "నికర బరువు యాభై కిలోలు."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎంతా?"

"యాభై."

"పైట వేసుకుంటే కనపడుతుందా?" అని సవరయ్యని అడిగింది.

"కొంచెం కనపడదండీ. కావాలంటే యాభై అన్నది మాత్రం బయట ఉండేట్టు జరుపుతాను."

వెంకటకృష్ణారావుగారికి నవ్వొచ్చింది గానీ, భార్య ఇటు తిరిగేసరికి అది దగ్గుగా మారింది. ఆవిడ ఇంకో రెండు జాకెట్లు పురమాయించి వెళ్ళింది.

సవరయ్య భార్య జోజమ్మ కష్టాలు చెప్తే తరగవు. స్నానాలగది తెర మీద 'తడి తగలనీయరాదు' అని ఉండేది. దిండు మీద 'ఈ వైపు పైకి ఉంచవలెను' అని ఉండేది. "రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే తప్పు చేసినట్టు భయమేస్తందండీ" అని జోజమ్మ వాపోయేది.

ఎందుకయ్యా ఈ పిచ్చి అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మనం మామిడి ఊరోళ్ళం మాస్టారండీ. మార్కా లేని బుట్టని మార్కెట్లో ఎవడన్నా ముడతాడా? నీళ్ళు పోసి పెంచినోడి పేరు పండు మీద ఉండదు. షావుకారు పేరే బుట్ట మీద ఉంటది. అచ్చులో పేరుంటేనే సరుకండీ!"

అయినా ఊరంతా ఆయన దగ్గరికే ఎందుకు పోయేదంటే, ఆ కుట్టు అలాంటిది. గుడ్డ చిరగాలే గానీ ఆయన దారం తెగదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఎనభయ్యారు వేసవిలో హనుమాన్ జంక్షన్‌లో వాలీబాల్ పోటీలు పెట్టారు. మా జట్టుకి నేనే కెప్టెన్ని. అంతకుముందు వరసగా మూడేళ్ళు మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బస్సుకి బదులు మధ్యాహ్నం బస్సుకే ఇంటికి చేరిన చరిత్ర మాది. మేం ఆడుకునే స్థలం ఒక తోట ఆసామిది. ఆయన ఈసారి ఖరాఖండిగా చెప్పేశాడు. "కప్పు తెచ్చారా, ఆడుకోండి. తేలేదా, అక్కడ కాయలు దించడానికి షెడ్డేస్తాను."

మా ఆశంతా రాములు మీదే. పగలంతా తోటల్లో చిక్కం కర్రతో కాయలు కోస్తాడు. పొద్దున్నుంచి చేతులెత్తే ఉంచే పని కదా, సాయంత్రం బంతి కొడితే ఎదటివాళ్ళు అడ్డం రావడం మానేసి పక్కకి తప్పుకునేవాళ్ళు. వాడికున్నది ఒకటే చొక్కా. మైదా సంచితో వాళ్ళమ్మ నాగేంద్రమ్మ కుట్టింది. దాని వీపు మీద 'కొక్కేలు వాడరాదు' అని ఇంత లావు అక్షరాలు.

ఒకరోజు ప్రాక్టీసులో, కిరాణా కొట్టు అప్పారావు ఆ అక్షరాలు పైకి చదివి, "ఒరేయ్, వీణ్ణి కొక్కెంతో ఎత్తకండ్రా, చిరుగుతాడు!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. రాములు కూడా నవ్వాడు. మర్నాటి నుంచి ఆటకి రాలేదు.

కబురు పెడితే "కోతలు ముమ్మరంగా ఉన్నాయంట" అన్నారు. ఈలోగా పోటీలవాళ్ళు ఇంకో బాంబు వేశారు. ఆరుగురూ ఒకే రకం చొక్కాలు వేసుకోకపోతే ఆడనివ్వరట. ఎవరి గుడ్డ వాళ్ళు తెచ్చుకోవాలనుకున్నాం. ఐదుగురం తెల్లగుడ్డ తెచ్చాం. రాములు తేలేదు. వాడికి గుడ్డ కొనే స్తోమత లేదన్న సంగతి నా మొద్దు బుర్రకి తట్టనే లేదు. ఐదు గుడ్డలూ పట్టుకెళ్ళి సవరయ్య ముందు పెట్టాను.

"ఒక్క అక్షరం కనపడకూడదు సవరయ్యా. నా మీద ఒట్టు."

"అట్టాగేనండీ. ఆరో గుడ్డ ఏదండీ?"

"రాములు రావట్లేదు. ఎందుకో ఏంటో. వాడు లేకపోతే బస్సు ఛార్జీలు కూడా దండగే."

సవరయ్య సూదిలో దారం ఎక్కించుకుంటూ "ఏమన్నా అన్నారా వాణ్ణి?" అని అడిగాడు. కొక్కెం సంగతి నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆయనకి హాస్యం అర్థం కాదేమో అనుకున్నాను.

పోటీల రోజు పొద్దున బస్‌స్టాండ్‌లో చూద్దును కదా, రాములు! నలగని కొత్త చొక్కా వేసుకుని, వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు. వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, పక్కన మూటతో సవరయ్య. ఆనందంగా మూట విప్పాను. ముందువైపు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. వెనక్కి తిప్పాను. నా వీపున ఇంతెత్తు ఏనుగు బొమ్మ, కింద 'ఐరావతం మైదా'. అప్పారావు వీపున 'కంచుగంట సేమియా'. మిగతా ముగ్గురికీ రవ్వ, ఉప్పు, గోధుమపిండి. రాములు కొత్త చొక్కా వీపున పాత 'కొక్కేలు వాడరాదు' ముక్క యథాతథం.

"సవరయ్యా! ఒట్టు వేశాను కదయ్యా!"

"ఒట్టు మీ మీద వేశారండీ, నా మీద కాదు. బస్సు కదులుతంది, ఎక్కండి."

మార్చడానికి వేరే చొక్కాల్లేవు. దారంతా సీటుకి వీపు ఆనించి, కండక్టరు అడిగినా లేవకుండా కూర్చున్నాం. పరువు పోవడం ఖాయమనుకుని మైదానంలోకి వీపులు దాచుకుంటూ ఎండ్రకాయల్లా పక్కకి నడిచాం. ఎంతసేపు దాస్తాం? ఎవడో చూడనే చూశాడు.

"ఒరేయ్, కంపెనీ జట్టురోయ్!"

టీవీలో క్రికెట్ చూసి, ఆట వెనక కంపెనీలుంటాయని తెలిసినవాళ్ళు అప్పటికి నలుగురైనా ఉన్నారు కదా, ఆ మాట ఒక్క నిమిషంలో ఊరంతా పాకింది. నూజివీడు జట్టుని ఆరు కంపెనీలు పోషిస్తున్నాయట! నిర్వాహకులు పరుగున వచ్చి మాకు నీడలో కుర్చీలు వేశారు. సోడాలు కొట్టించారు. మా మీద ఆడాల్సిన చింతలపూడి కెప్టెన్ మొహం వాడిపోయింది.

"అన్నా, మీకు నెలజీతమా?" అని అప్పారావుని అడిగాడు.

"జీతమే కాకుండా సేమియా కూడా ఇస్తారు" అన్నాడు అప్పారావు గంభీరంగా.

ఇక మైకు కుర్రాడికి పూనకమే వచ్చింది. "మైదా సర్వీసు చేసింది... ఉప్పు లేపింది... సేమియా అందించింది... కొక్కేలు ఎగిరాడు... కొట్టాడండీ!" జనం "కొక్కెం! కొక్కెం!" అని అరవడం మొదలెట్టారు. పదిరోజుల కిందట వాణ్ణి తరిమిన మాట అదే. ఇప్పుడు దానికి వాడు గాల్లోకి రెండడుగులు ఎక్కువ ఎగురుతున్నాడు. ఫైనల్‌తో సహా మూడు ఆటలూ గెలిచాం. కప్పు తెచ్చి ఆసామి అరుగు మీద పెడితే, ఆయన షెడ్డు మాటెత్తలేదు.

సోమవారం సంతలో రాములు కనపడ్డాడు. ఒంటిమీద ఇంకో తెల్లచొక్కా! వీపు చూశాను, ఏమీ లేదు. జేబు చూశాను, లేదు. కాలరు తిరగేసి చూశాను. "చక్కిలిగిలండీ మాస్టారూ!" అని మెలికలు తిరిగాడు గానీ, అక్కడా ఒక్క అక్షరం లేదు.

"ఎవర్రా కుట్టింది?"

"సవరయ్య బాబాయండీ."

తిన్నగా సవరయ్య కొట్టుకి వెళ్ళాను. "ఇదేం పక్షపాతం? మా అందరికీ ఏనుగులూ గంటలూనా, వాడికి మాత్రం తెల్లకాయితమా?"

సవరయ్య మిషను ఆపాడు. "వాడు పుట్టినకాణ్ణించీ సంచులే తొడుక్కున్నాడండీ. ఒక్కడేంటి, మన తోటల్లో పనోళ్ళ పిల్లలు సగంమంది అంతే. ఆ అచ్చు ఉడకబెట్టి చూశాను, నిమ్మకాయేసి రుద్దాను, చావదండీ. వాళ్ళ వీపున చెరపడం నా వల్ల కాలేదు. అందుకని మీ అందరి వీపులకీ వేశాను. ఊరందరికీ ఉంటే ఇంక ఎవడు చదివి నవ్వుతాడు?"

నాకు సిగ్గేసింది. ఆరోజు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి, బీరువా వైపు చూశాను. అటే చూస్తూ, "మరి వాడి చొక్కాలకి గుడ్డెక్కడిది?" అన్నాను.

"మీ ఐదుగురి వీపులూ మిగిలినయ్యి కదండీ. ఆటచొక్కాకి ముందువైపూ, సంతకి పోను ఇంకోటీ వచ్చినయ్యి. మీ వీపు గుడ్డ ఇప్పుడు రాములు ఛాతీ మీదుంది మాస్టారండీ. కావాలంటే పోయి అడిగి తెచ్చుకోండి."

నేను అడగలేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ గుడ్డ నా వీపు మీదకన్నా వాడి ఛాతీ మీదే బాగుంది.