రెండు వారాలను నెల చేసిన

నవ్వకుండ్రి! ఇంట్ల ఇజ్జత్ పోయి కూసున్న నేను. చాయ్ తాగుకుంట వినుండ్రి.

నాకు థైరాయిడ్ ఎక్కువైందని మీకెరికే గదా. గుండె దడదడ, ఊకె చెమటలు, ఎంత తిన్నా బక్కగైతనే ఉన్న. ఏడాదిన్నర గోలీలు మింగిన. బంద్ చేయంగనే మళ్ళ మొదటికే! అప్పుడు మలక్‌పేటల డాక్టరమ్మ కూసోబెట్టి చెప్పింది. "గోలీలు కంటిన్యూ చేస్తవా, ఆపరేషన్ చేయించుకుంటవా? లేకుంటే రేడియో అయోడిన్ ఉన్నది, ఒక్క క్యాప్సూల్."

మెడ మీద కత్తా? నాకొద్దు! క్యాప్సూల్‌కే సై అన్న.

"మరి ఆ మందు రేడియేషన్ ఒంట్లకెళ్లి బయటికొస్తది, రెండు వారాలు వేరే రూముల పండుకోవాలె. చిన్నపిల్లలను ఎత్తుకోవద్దు," అన్నదామె.

మా ఇంట్ల చిన్నపిల్లంటే చిట్టి. మా యారాలు, అంటే మా మరిది భార్య సునీత బిడ్డ, ఎనిమిది నెలలది.

క్యాప్సూల్ మింగి ఇంటికి రాంగనే అత్తమ్మ అడిగింది, "ఎన్ని దినాలంట?"

నా నోటికి ఏమైందో ఏమో! "నెల," అన్న.

ఏం చేయాలె మరి? కిషన్‌బాగ్‌ల రెండు రూముల ఇంట్ల ఏడుగురం. పెండ్లయిన కాడికెళ్లి ఒక్కదాన్నే పండుకున్న దినం లేదు. నాకోసం మిద్దె మీది స్టోర్ రూమ్ ఖాళీ చేసిండ్రు. మస్తుండె! సునీత మెట్ల మీద చాయ్ పెట్టి, "అక్కా, పెట్టిన!" అని ఉరుకుడు. ఫ్యాన్ నాదే, ఫోన్ల సీరియల్ నాదే. రెండు వారాలైనా నేను దిగలే.

మొన్న అత్తమ్మ కూరగాయలకు పోయింది. సునీత స్నానం చేస్తున్నది. ఉయ్యాలల చిట్టి ఒక్కటే ఏడుపు. నాకు ఆగబుద్ధి కాలే. ఉరికొచ్చి ఎత్తుకున్న. నా భుజం మీద ముఖం పెట్టి సప్పుడు చేయకుంట పడుకున్నది, బంగారం!

గప్పుడే అత్తమ్మ గేటు తీసింది. చేతుల టమాటలన్ని కింద! "పిల్లకు కరెంట్ తగులుతది! దించు!"

సునీత తడి తలతోనే వచ్చి పిల్లను గుంజుకున్నది. "దవాఖానకు పోదాం అత్తమ్మా!" లొల్లి విని పక్కింటి భాయ్ ఆటో స్టార్ట్ చేసిండు. "జల్దీ బైఠో, బేటీ!"

ఇగ చెప్పక తప్పలే. "ఏం కాదు సునీతా. డాక్టరమ్మ చెప్పింది రెండు వారాలే. నెల అన్నది నేను."

ఆటో ఒక్కటే డుగ్ డుగ్ అంటున్నది. అత్తమ్మ అక్కడికక్కడే డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగింది. ఏం ఫికర్ లేదన్నంకనే సునీత ఊపిరి తీసుకున్నది. కండ్లు తుడుసుకుంట, "నాకు గూడ ఆ గోలీ ఇప్పియ్యక్కా. ఒక్క వారం చాలు," అన్నది!

రూమ్ పోతే పోయింది. ఇప్పుడు చిట్టి నా పక్కనే పండుకుంటున్నది. కాని నిన్న నాకు నిజంగనే జరమొచ్చింది. అత్తమ్మ ముఖం గూడ చూడలే. "డాక్టర్‌తోని కాగితం మీద రాయించుకొని రా," అన్నది, "అప్పటిదాంక రొట్టెలు చెయ్!"