చెన్నరాయప్ప మెథడ్

మా అక్క సొన్నమ్మకు అసూయ. దేని మీద అంటే మీరు నవ్వుతారు, కట్టుకున్న మొగుడి పేరు మీద. హోసూరులో తెలుగు బడి పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని, పక్కపిల్ల పలక కొత్తగా ఉందని ఏడ్చేవాళ్ళ దగ్గర్నుంచి తోటి టీచరుకు ప్రమోషన్ వచ్చిందని మంచం పట్టినవాళ్ళ దాకా అందరినీ చూశాను. ఇట్లాంటి అసూయ మాత్రం ఎక్కడా చూడలేదు. చూశాక మటుకు అక్కను తప్పు పట్టలేకపోయాను.

మా బావ పేరు చెన్నరాయప్ప. లారీ డ్రైవరు. బెంగుళూరు పక్కన చందాపురలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఆయన ఇంట్లో ఉన్నదానికంటే రోడ్డు మీద ఉన్నదే ఎక్కువ. చెడ్డవాడని నేననను. తాగడు, చెయ్యెత్తడు, ఉన్న కాసేపూ నలుగురినీ నవ్విస్తాడు. ఇంటి సంగతి మాత్రం ఆయనకు పట్టదు. కూతురు రంజితకు కామెర్లొస్తే ఆయన పూణేలో ఉంటాడు, ఫీజు కట్టాల్సిన రోజొస్తే విజయవాడలో ఉంటాడు. అక్క గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టి, సెలవు రోజుల్లో పూలు కట్టి అమ్మి పిల్లను చదివించింది. పదో తరగతి కాగానే "చాల్లే మే, ఇంక సంబంధం చూస్తాం" అన్నాడు బావ. అక్క అన్నం మానేసింది. ఆమె అన్నం మానేసిన సంగతి కూడా ఆయన గమనించలేదు, లోడు ఎక్కించుకొని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి పిల్ల కాలేజీలో ఉంది. "సరే, కానీ" అన్నాడు. అదీ ఆయన పిల్లను చదివించిన తీరు.

ఆ పిల్ల ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలో, సెల్‌ఫోన్ నెట్‌వర్కులు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. సాయంత్రం మహదేవపుర దగ్గర రింగ్ రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయినప్పుడు ఫోన్లన్నీ ఒక్క టవర్ మీదే పడతాయి. ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పక్క టవరేమో ఖాళీగా నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ గుంపు రాకముందే టవర్లు ఒకదానికొకటి కబురు చెప్పుకొని, ఫోన్లను ముందుగానే పంచుకునే పద్ధతి రంజిత కనిపెట్టింది. పెళ్ళింటికి చుట్టాలు దిగకముందే ఎవరు ఏ ఇంట్లో పడుకోవాలో ఇరుగుపొరుగులు మాట్లాడుకుంటారు చూడు, అట్లా అని వాళ్ళమ్మకు చెప్పింది. దానికి పేటెంట్ కూడా వచ్చింది.

తంటా అక్కడే మొదలైంది. మా వైపు వాళ్ళకు ఇంటిపేర్లు రాసుకునే అలవాటు లేదు, తండ్రి పేరే బిడ్డ పేరు వెనక తోక. బడిలో సి. రంజిత అని ఉన్నది పాస్‌పోర్టులో రంజిత చెన్నరాయప్ప అయింది. పేటెంట్ మీదా అదే పడింది. ఆ లోకంలో మనిషిని చివరి పేరుతోనే గుర్తు పెట్టుకుంటారట. ఇప్పుడు జర్మనీలో ఇంజినీర్లూ, కొరియాలో ఇంజినీర్లూ దాన్ని "చెన్నరాయప్ప మెథడ్" అంటున్నారు. ఇల్లెట్లా గడుస్తోందో ఏనాడూ అడగని మనిషి పేరు మీద మెథడ్! నాకూ ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు.

బావకు నేల మీద కాలు నిలవలేదు. పేటెంట్ వచ్చినందుకు కంపెనీ ఇచ్చిన ఇత్తడి ఫలకాన్ని ఆయుధపూజనాడు లారీ తాళాల పక్కన పెట్టి, పసుపు కుంకుమలు పూసి, దాని పేరున కూడా ఒక గుమ్మడికాయ కొట్టాడు. టీ అంగడి వెంకటరాయప్పను ఇంటికి పిలుచుకొచ్చి, ఫలకం మీది అక్షరాలు వేలితో చూపించాడు.

"ఇదో, చూడప్పా, నా పేరు. ఇంక ఎవురు ఫోన్ చేసినా నన్ను దాటుకొనే పోవల్ల."

"పుణ్యం చేసుకొనుండావప్పా," అన్నాడు వెంకటరాయప్ప.

వంటింట్లో అక్క చేతిలోని చెంబు దభాలున కింద పడింది. పడిందో, పడేసిందో నేను అడగలేదు. మర్నాడు ఇల్లు తుడుస్తూ ఫలకాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. బావ వచ్చి మళ్ళీ ఇటు తిప్పాడు. తరవాతి వారం లారీ నెత్తిన, ఎర్ర రంగుతో, చెన్నరాయప్ప మెథడ్ అని రాయించుకొచ్చాడు. లారీ వీధి మలుపు తిరిగితే మనిషికంటే ముందు ఆ పేరు ఇంటికొస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా అక్క తలుపు ఓరగా వేసుకునేది.

ఇది చాలదన్నట్టు ఇంకో కష్టం. అక్క మొగుడి పేరు నోటితో పలకదు. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు పలకరు, ఆస్పత్రిలో అడిగినా పక్కనున్న వాళ్ళ చేత చెప్పిస్తారు. ఫ్యాక్టరీలో ఆమె పక్క మిషను ఎల్లమ్మ ఒకనాడు సంతలో ఎదురైంది.

"మీ పాప ఏందో కనిపెట్టిందంట కదక్కా! దాని పేరేంది?"

అక్క నోరు తెరిచింది, మూసుకుంది. సొంత కూతురి గొప్ప చెప్పుకుందామంటే గొంతులో మొగుడు అడ్డం. "ఏందో ఉండాదిలే" అని వచ్చేసి నాకు ఫోన్ చేసింది.

"మోసింది నేను, కనింది నేను, మిషను తొక్కి తొక్కి కాళ్ళు వాచిపొయ్యింది నాకు. పేరు ఆయప్పకా? కడుపు రగిలిపోతా ఉండాది మే. ఆయప్ప నవ్వుతా ఉంటే చూడలేకుండా ఉండాను."

"చేసింది రంజిత అని అందరికీ తెలుసు కదక్కా," అన్నాను.

"దాన్ని ఎవురూ రంజిత అనరంట, ఆయప్ప పేరే అంటారంట. మల్ల నేనేంటికి సాకినట్టు?"

నా బదులు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసింది.

ఈలోగా రంజిత ఇంకో పద్ధతి కనిపెట్టింది. జనం లేనప్పుడు టవర్లను నిద్రపుచ్చి కరెంటు మిగిల్చేది. దానికి కంపెనీ ఇంకా పేటెంట్ అడగలేదని విన్నాక అక్కకు ఆశ పుట్టింది. ఆ ఆదివారం నేనూ చందాపురలోనే ఉన్నాను.

"ఈతూరి దానికి నా పేరు పెట్టు," అంది కూతురితో.

రంజిత నవ్వింది. "అమ్మా, డిగ్రీ, పాస్‌పోర్ట్, ప్యాన్, అన్నింట్లో ఒకే నేమ్ ఉండాల. మార్చాలంటే అన్నీ చేంజ్ చెయ్యాల. రెండు పేటెంట్లకి రెండు నేమ్స్ ఉంటే ఇద్దురు మనుషులనుకుంటారు. అయినా పేరుదేముందిలేమ్మా!"

"ఏమీ లేకపోతే నాదే పెట్టు."

రంజిత నవ్వు ఆగిపోయింది. ఆనాటి నుంచి అక్క కూతురు అడిగినదానికే బదులిచ్చేది, మొగుడికి అదీ లేదు. కూరలో ఉప్పు లేకుండా వడ్డించి, ఆయన అడుగుతాడని, అడిగితే నాలుగు దులుపుదామని కాచుకొని కూర్చుంది. ఆ మహానుభావుడు లేచి ఉప్పు డబ్బా తనే తెచ్చుకొని, చల్లుకొని తిన్నాడు. దాంతో ఇంకా మండింది.

అమ్మ ఇట్లాగే ఉండిపోతుందేమోనని రంజితకు భయం పట్టుకుంది. కంపెనీలో ఏటా పేటెంట్లు వచ్చిన వాళ్ళ తల్లిదండ్రులను పిలిచి సన్మానం చేస్తారు. ఈసారి స్టేజి మీద మాట్లాడేది అమ్మే అని పట్టుబట్టి కంపెనీ వాళ్ళను ఒప్పించింది. అక్క ముఖం విప్పారింది. పెట్టె అడుగున దాచిన పట్టుచీర తీసింది. చెప్పబోయేదంతా రోజూ నాకు ఫోన్‌లో ఒప్పజెప్పింది. కాలర్లు, పూలు, కామెర్లు, ఫీజులు, అన్నీ వరసగా. "నేనెవురో ఆ జనానికంతా తెలియల్ల మే, అంతే," అనేది. పేరు రాకపోతే పోయింది, ఈ ఒక్కటైనా దక్కాలని నేనూ మొక్కుకున్నాను.

సన్మానం ఎలక్ట్రానిక్ సిటీలోనే, ఆఫీసు హాల్లో. మైకు పట్టుకున్న కుర్రాడు అభిజిత్‌ది ఉత్తరాది. ఇంగ్లీషులో ఏదో గుక్క తిప్పుకోకుండా చెప్పి, "ప్రపంచానికి తెలిసిన పేరు, మిస్టర్ చెన్నరాయప్ప!" అని అరిచాడు. బావ స్టేజి ఎక్కాడు. శాలువా కప్పారు, నెత్తిన మైసూరు తలపాగా పెట్టారు. హాలంతా చప్పట్లు. ఆ తరవాత అభిజిత్ అక్క వైపు చెయ్యి చాచాడు.

"అండ్ మిసెస్ చెన్నరాయప్ప!"

చివరికి ఆమెకు కూడా ఆ పేరే తగిలించాడు. అక్క మెట్లెక్కుతుంటే చూశాను, చూపంతా మొగుడి తలపాగా మీదే ఉంది. ఒప్పజెప్పిన పాఠమంతా ఎగిరిపోయిందని నాకు అర్థమైంది. మైకు చేతికి రాగానే ఆమె జనం వైపు తిరగలేదు, మొగుడి వైపు తిరిగింది.

"చెన్నరాయప్పా!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళైన నాటి నుంచీ ఆ నోట ఆ పేరు నేను వినలేదు. బావ కూడా విని ఉండడు. తలపాగా సర్దుకుంటున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"పేరు నీదే కదప్పా, చెప్పు. బిడ్డ ఏ కాలేజీలో చదివింది? ఏ బస్సెక్కి పోతా ఉండె? పరీచ్చలప్పుడు కామెర్లొస్తే ఆస్పత్రికి ఎత్తుకొని పొయ్యింది ఎవురు? చెప్పబ్బా, అందురూ ఇంటా ఉండారు."

"బ్యూటిఫుల్!" అంటూ తెలుగు రాని అభిజిత్ చప్పట్లు కొట్టాడు. అతనొక్కడే కొట్టాడు. బెంగుళూరు ఆఫీసుల్లో తెలుగువాళ్ళు లేని వరస ఎక్కడుంది? హాలంతా బిక్కచచ్చిపోయింది. ముందు వరసలో రంజిత తల దించుకుంది.

బావ తలపాగా తీసి చంకలో పెట్టుకొని మైకు అందుకున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "అప్పుడు నేను యాడుంటినో కూడా గ్యాపకం లేదు. బిడ్డని సాకింది, చదివించింది, అంతా ఆయమ్మే. సొన్నమ్మ. సుమ్మనే, ఊరికే నా పేరు పడిపొయ్యింది." మైకు దించేశాడు.

అక్క నిటారుగా నిలబడింది. ఆమె ముఖంలో అంత తృప్తి పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. అది ఎంతసేపు! హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. పెద్ద ఆఫీసరు భుజంగరావు గబగబా స్టేజి ఎక్కి బావను కావలించుకున్నాడు.

"ఎంత పెద్ద మనసండీ మీది! నలుగురిలో ఇలా ఒప్పుకునే మగాళ్ళు ఎక్కడున్నారండీ!"

చంకలోని తలపాగా తీసి ఆయనే మళ్ళీ బావ నెత్తిన పెట్టాడు. జనం ఫోటోల కోసం బావ చుట్టూ మూగారు. ఫ్రేములో సగమే పడుతున్నారు, కొంచెం జరగండమ్మా అని ఒకమ్మాయి అక్కకు మర్యాదగానే చెప్పింది. అక్క జరిగింది. జరిగి, మెట్లు దిగి, వచ్చి నా పక్కన కూర్చుంది.

రంజిత పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాయిన ఒప్పుకున్నాడు కదా. అందరూ విన్నారు కదమ్మా!"

అక్క చెయ్యి విడిపించుకోలేదు. స్టేజి మీద మొగుణ్ణే చూస్తూ ఉంది.

"ఇన్నారు, బాగా ఇన్నారు," అంది. "ఒప్పుకున్నదానికీ చప్పట్లు ఆయప్పకేనా మే?"