అత్త చెప్పిన వాడ

మా మేనత్త మాట్లాడుతున్నంతసేపు ఆమె కుడిచెయ్యి మోకాలు మీద గుండ్రంగ తిరుగుతనే ఉంటది. "మేం వాడల పెరిగినోళ్లం" అని నా చిన్నప్పుడు వందసార్లు చెప్పి ఉంటది. మరాఠీ బడిల చదివిన నాకు వాడా అంటే పెద్ద దర్వాజల బంగళానే. మా చంద్రపూర్‌ల ఉన్న ఒక పాత వాడా మాదేనని ఇంటికొచ్చిన దోస్తులకు గొప్పలు చెప్పిన. అత్త పక్కనే కూసోని నవ్వేది.

మొన్న ఆ వాడాను మ్యూజియం చేసిండ్రంటే అత్తను తీస్కపోయిన. ముందటి హాల్ల ఇత్తడి గొలుసుల ఊయలను ఆమె గూడ నా లెక్కనే కొత్తగ చూసింది. వెనక వంటింట్ల ఇసుర్రాయి కనబడంగనే మాత్రం కింద కూసోని పిడి పట్టుకుంది. చెయ్యి గుండ్రంగ తిరిగింది.

ముట్టొద్దని కాపలాదారు మరాఠీల అరిచిండు.

"అత్తా, ఇది మీ ఇల్లు కాదా?"

"ఇక్కడికి పిండి ఇసరనీకి వస్తుంటి బిడ్డా. వాడ అంటే మన బాబుపేట్ గల్లీ."

ఇన్నేండ్లు నమ్మిచ్చి మోసం చేసిందనిపిచ్చింది. "మరి నేను అందరికీ చెప్తుంటే ఎందుకు ఊకున్నవ్?"

ఆమె పిడి వదల్లేదు.

"నువ్వు చెప్తుంటే నాకు గూడ నిజమే అనిపిస్తుండె."