బానెట్ మీద నీలం చుక్కలు

మావ పోయాడని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోటబొమ్మాళిలో మా ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని, వాళ్ళ పాకలో ఉన్న నీలం కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కునుకు తీశాడట. టీ ఇద్దామని అత్త వెళ్ళి లేపితే లేవలేదట. నేను భావనపాడు చేరేసరికి మావని వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం చేయించారు గానీ ఎడమచేతి బొటనవేలి గోరు మీద నీలం రంగు చుక్క అలాగే ఉంది. ఎవరో సబ్బుతో రుద్దబోతే అత్త వద్దంది. ఆ చుక్కతోనే మావ వెళ్ళిపోయాడు.

మావ నాకు చుట్టం కాదు. మా పక్కింటాయన. వరస కలుపుకుని పుట్టినప్పటి నుంచీ మావా అనే పిలిచాను. ఊరికి ఆయన చేపల వ్యాపారి. నాకు మాత్రం, కారు మీద అక్కడక్కడ లేచిపోయిన రంగును ఇంటి దగ్గరే ఎలా సరిచేసుకోవాలో నేర్పిన గురువు. ఇదీ ఒక విద్యేనా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఓపిక అనేది నాకు ఎవరైనా నేర్పారంటే అది ఈ పని వంకతో మావే నేర్పాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొత్తలో, హైవే మీద కంకర లారీల వెనకాల వెళ్ళి వెళ్ళి నా బానెట్ మీద అక్కడక్కడ బియ్యపు గింజంత మేర రంగు రాలిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. బండి మొత్తానికి రంగు వేయించేస్తానని కూర్చున్నాను. మావ వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, వంగి చూశాడు.

"ఓలమ్మ, దోమ కుట్టిందని సర్మం ఒలిపించుకుంటావేటి?" అన్నాడు.

ముందు సబ్బునీళ్ళతో కడిగించాడు. మా ఊరి గాలికి దేనిమీదైనా ఉప్పు పేరుకుంటుంది, దాని మీద రంగు నిలవదు. ఆరాక, తుప్పు పట్టిన చోట ఎమెరీ పేపరు ముక్కతో గీకించి, థిన్నర్ గుడ్డతో తుడిపించాడు. రేకు కనబడిన చోట ప్రైమర్ చుక్క పెట్టి ఆరబెట్టించాడు. నేను కొన్న రంగు సీసాతోపాటు ఒక బ్రష్షు వచ్చింది. మావ దాన్ని గోడలకి రంగు వేసుకోవడానికి దాచుకోమని నా చేతికే ఇచ్చేసి, మా ఇంటి కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగాడు. కొన పంటితో నలిపి, రంగులో ముంచి, ముందు తన బొటనవేలి గోటి మీద ఒక బొట్టు పెట్టుకుని నీడలో, ఎండలో తిప్పి చూశాడు.

"పుయ్యకు. అద్దు. గొయ్యిలో బొట్టు ఒదిలీసి నువ్వు తప్పుకో," అన్నాడు.

ఒక పొర పెట్టడం, ఆరనివ్వడం, మళ్ళీ పల్చగా ఇంకో పొర. గాలి సముద్రం మీద నుంచి తడిగా వీస్తుంటే ఆ రోజుకి పని బంద్. నేను ఆరిందో లేదో అని వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చేవాడు. "ఎందుకే అంత బేగి? కారు నిన్నొదిలేసి పారిపోతాదేటి?" అనేవాడు. చివరికి తడిపి రుద్దే వాటర్ పేపరుతో నునుపు చేసి పాలిష్ పెట్టాక, దెబ్బ ఎక్కడ తగిలిందో నాకే కనబడలేదు. ఆ సంతోషంలో మావకి పకోడీలు కొనిచ్చాను. ఉప్పు తక్కువైందన్నాడు.

ఇక ఆ నీలం కారు సంగతి. అది మావ కొడుకుది. నాకంటే చిన్నవాడు, వదినా అంటూ నన్ను ఏడిపిస్తూ ఉండేవాడు. కారు కొన్న రోజున నేరుగా శ్రీకూర్మం గుడికి తీసుకెళ్ళి పూజ చేయించుకొచ్చాడు. ఒక ఉదయం ఆ కారు ఇసుక ఒడ్డున ఒంటరిగా కనబడింది. బట్టలు సీటు మీద ఉన్నాయి, తాళం టైరు మీద ఉంది. స్నానానికి దిగినట్టున్నాడు. పడవలన్నీ వెతికాయి. సముద్రం మనిషిని ఇవ్వలేదు.

అత్త ఒడ్డు మీద కూర్చుండిపోయింది. ఎండకీ వానకీ లేవలేదు, తిండి ముట్టలేదు. దొరకని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి, అదే మనిషి అనుకుని దహనం చేస్తారు. దానికి ఆమె ఒప్పుకోలేదు. మావ ఆమె కాళ్ళ దగ్గర ఇసుకలో కూర్చుని బతిమాలగా బతిమాలగా చివరికి తల ఊపింది. బొమ్మ కాలిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తింది. మావ కారు బ్యాటరీ పీకించేసి, దాన్ని పాకలోకి తోయించి, టార్పాలిన్ కప్పించాడు. రానురాను టైర్లు చదునైపోయాయి.

ఒక ఆదివారం పొద్దున, ఆ కదలని కారు బానెట్ మీద వంగి మావ ఈనెతో రంగు అద్దుతుంటే చూశాను. పక్కనే చాప మీద ఎండుచేపలు పరిచి ఉన్నాయి.

"తిరగని బండికి ఏటి పని మావా?" అన్నాను.

"ఇటు రా గుంటా. అరవకు."

చూశాను. బానెట్ మీద, బంపరు పైన, కొత్తగా రంగు లేచిన మచ్చలు. పిల్లలు రాళ్ళు వేసి ఉంటారన్నాను. టార్పాలిన్ చూపించాడు, ఎక్కడా చిరుగు లేదు. ఉప్పుగాలి అన్నాను.

"ఉప్పుకైతే రంగు పొంగుతాది. ఇది పొంగిందేటి? నీ కారు మీద సూసినావు కదా. ఎదురుగా రాయొచ్చి కొట్టింది."

నిజమే. అదే మచ్చ, అదే వాలు. జోరుగా వెళ్ళే బండికి తగిలే దెబ్బ. చక్రానికీ నేలకీ మధ్య సాలెగూడు మాత్రం చెక్కుచెదరలేదు. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

"ఎప్పటి నుంచి మావా?"

"బొమ్మ కాల్సీసిన కాడి నుంచి. మీ అత్త సూసిందంటే ఆడు బతికే ఉన్నాడంటాది. మల్లీ ఒడ్డుకెల్లి కూకుంటాది. ఈసారి నాను లేపలేను."

అందుకే ఆ పూత. అందుకే థిన్నర్ వాసన తెలియకుండా ఆ ఎండుచేపలు. ఒకసారి కాపలా ఉండి చూస్తే తేలిపోతుంది కదా అన్నాను. మావ ఈనె కొన గుడ్డతో తుడిచాడు.

"కూకున్నాననుకో. ఆడు బయలెల్తే నాను ఆపకుండా ఉండలేను. ఎల్లకపోతే ఇదంతా వట్టిదని తేలిపోద్ది. రెండూ నాకొద్దు," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "నాను పోతే ఈ పని నువ్వు సెయ్యాల. మీ అత్తకి తెల్దు, తెలవకూడదు," అన్నాడు. సరేనన్నాను.

అప్పటి నుంచీ మావతో మామూలుగానే నవ్వుతూ మాట్లాడేదాన్ని. నా కారు ఆగగానే వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిమిరేవాడు, కొత్త దెబ్బ ఉంటే చెయ్యి అక్కడే ఆగేది. "ఆ లారీల ఎనకాల ఎల్లకు. నువ్వు ఎనకబడిపోతే కొంపలేటీ మునిగిపోవు," అనేవాడు. సొంత మేనమామ కూడా నా గురించి అంత పట్టించుకోలేదు. ఈ రోజుకీ ముందు లారీ కనబడితే నా కాలు దానంతట అదే బ్రేకు మీదకి పోతుంది. పోయిన మనిషి నన్ను ఇలా కాస్తూనే ఉన్నాడు.

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన పొద్దున, రంగు సీసా పట్టుకుని పాకలోకి వెళ్ళాను. టార్పాలిన్ ఎత్తితే బానెట్ మీద కొత్త దెబ్బ. లోపలి రేకు ఇంకా మెరుస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఈనె ముంచాను.

"ఒగ్గెయ్. ఇంక అద్దకు," అంది వెనకనుంచి అత్త.

నేను ఈనె చీర కుచ్చిళ్ళలో దాచుకోబోయాను.

"దాసకు. ఆయనా అలాగే దాసీవోడు. సీపురు రోజురోజుకీ సన్నబడిపోతంటే ఊడ్సేదానికి తెల్దేటి?"

"నీకు తెలుసా అత్తా?"

"మొదటి దెబ్బ నానే సూసినాను. ఆయన కంటే ముందు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఆయనేటైపోయీవోడు? నాకు తెలవకూడదని ఆ సుక్కలెట్టుకుంటా బతికినాడు. నాకు తెల్దనుకుంటేనే ఆయనకి కాసింత నిద్దరొచ్చీది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకూ ఒడ్డుకెల్లే పనుండీది కాదు. ఆడు తిరుగుతన్నాడని ఇంటికాడే తెలస్తంది కదా. ఆయన పూసీసే లోపే ఒచ్చి సూసుకునీదాన్ని."

సీసాకి మూత పెట్టేశాను. మావకి ఇచ్చిన మాట ఇక నిలబెట్టుకోవడానికి లేదు.

అత్త కారుకి ఎడమ వైపు వెళ్ళి, డ్రైవరు పక్క సీటు తలుపు అంచు మీద వేలు పెట్టి నన్ను పిలిచింది. అక్కడ రంగు ఇంత మేర పెచ్చులూడి ఉంది. తలుపు విసురుగా తెరిచి ఏ గోడకో కొడితే పడే దెబ్బ అది. ఆ పాకకి గోడలు లేవు, రాటలు కూడా తలుపు అందే దూరంలో లేవు. మావ ఉండగా ఈ కారు ఎన్నోసార్లు చూశాను, ఆ అంచున ఒక్క గీత లేదు.

"మీ మావకి తలుపు మెల్లగా తియ్యడం ఏనాడూ రాలేదు," అంది అత్త. కోపంగా కాదు.

ఆమె ఇంకొంచెం వెనక్కి జరిగి వెనక తలుపు పిడి పట్టుకుని లాగింది. ఇంతకాలం తెరవని తలుపు సులువుగా తెరుచుకుంది. లోపలికి వంగి, సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది, తను ఒక్కతీ కూర్చునేంత మేర. తర్వాత ఆ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.